అక్కా, స్టేజికి దగ్గరగా నిలబడాలని ఉంది

ప్రశ్న: అక్కా, మాది బరంపురం. డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఎనిమిదో తరగతి నుంచి నాకు ప్రాణమైన రాక్ బ్యాండ్ ఒకటి బెంగళూరు వస్తోంది. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో స్టేజి ముందు నిలబడి చూసే పిట్ టికెట్ కొన్నాను. మా పిన్ని కూతురు కూడా వస్తోంది. ఇంకా ఆరు వారాలుంది. నా ఎత్తు ఐదడుగులు కూడా ఉండదు. వెనక నిలబడితే వీపులు తప్ప ఏమీ కనపడవు. ముందు వరుసలో, కనీసం దానికి దగ్గరలో చోటు దొరకాలంటే ఏం చేయాలి? ఎన్ని గంటలకి వెళ్ళాలి? బాత్రూమ్ సంగతేంటి? కాశీబుగ్గ గుడిలో అలా జరిగిన దగ్గర్నుంచి మా అమ్మకి గుంపు పేరెత్తితేనే భయం. ముందుకి వెళ్ళనని ఒట్టేస్తేనే పంపిస్తానంటోంది. ఒట్టేసి వెళ్ళిపోనా?
– పేరు రాయొద్దు, బరంపురం

సమాధానం:

చెల్లీ,

ఒట్టు వేయకు. నువ్వు చివర అడిగినదే అయినా మొదట దానికే జవాబు చెబుతున్నాను. అబద్ధపు ఒట్టుతో వెళ్తే, అక్కడ ఏదైనా ఇబ్బంది వచ్చినప్పుడు అమ్మకి ఫోన్ చేయడానికి జంకుతావు. నీతో వచ్చే పిల్ల కూడా ఆ అబద్ధాన్ని మోయాలి. పైగా మీ అమ్మగారి భయం ఊరికే పుట్టింది కాదు. 2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి నాడు, కాశీబుగ్గ వెంకటేశ్వరస్వామి గుడిలో తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది పోయారు. మనకి రైల్లో గంట, గంటన్నర దూరంలో ఉన్న ఊరది. దణ్ణం పెట్టుకుని మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేద్దామని బయలుదేరిన ఆడవాళ్ళే వాళ్ళలో ఎక్కువ. అలాంటిది విన్న తల్లి "పోనీలే, వెళ్ళు" అని ఎలా అంటుంది?

అందుకని అమ్మ పక్కన కూర్చుని ఈ జవాబు మొత్తం చదివి వినిపించు. "ముందుకి వెళ్ళను" అనే ఒట్టు బదులు, "గుంపు బిగుసుకుంటే నా చోటు వదిలేసి బయటికి వచ్చేస్తాను" అని మాట ఇవ్వు. అది నువ్వు నిలబెట్టుకోగలిగిన మాట. ముందు వరుసకి తయారవడం అంటే నా దృష్టిలో సగం అదే.

నేనూ ఈ ఊరి పిల్లనే. ఉద్యోగానికని బెంగళూరులో ఏడేళ్ళున్నాను. ఎత్తులో కూడా నీకు తోడే. మొదటిసారి ఇలాంటి కాన్సర్ట్‌కి వెళ్ళిన రోజు పొద్దున ఒక కాఫీ తప్ప ఏమీ కడుపులో పడలేదు. బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు కూడా తాగలేదు. నాలుగు గంటలు ఎండలో క్యూ కట్టి, అనుకున్నట్టే రెండో వరుసలో చోటు సంపాదించాను. అసలు బ్యాండ్ రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుందనగా చెవుల్లో హోరు మొదలైంది. వేళ్ళు చల్లబడ్డాయి. స్టేజి లైట్లన్నీ ఒకే పసుపు ముద్దలా కనిపించాయి. పక్కనున్న పొడుగాటి కుర్రాడెవరో నా జబ్బ పట్టుకుని ముందున్న సెక్యూరిటీకి చెయ్యి ఊపాడు. ఇద్దరు కలిసి నన్ను బారికేడ్ మీదుగా ఎత్తి అవతలికి దించారు. నేను ఎదురుచూసిన మొదటి పాటని ఫస్ట్ ఎయిడ్ టెంట్‌లో, చేతిలో ఓఆర్ఎస్ గ్లాసు పట్టుకుని విన్నాను. డ్రమ్ము దెబ్బ పడినప్పుడల్లా టెంటు గుడ్డ అదిరేది, గ్లాసులో నీళ్ళు వణికేవి. బయట వేలమంది ఒక్క గొంతుతో పాడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఆ రోజు నా చోటు పోగొట్టింది గుంపు కాదు, నా ఖాళీ కడుపు.

అందుకే నీ తయారీ గేటు దగ్గర మొదలవదు, ఇవాళ నీ ఇంట్లో మొదలవుతుంది. లెక్క వేసి చూడు. గేటు బయట నాలుగైదు గంటలు, లోపలికి వెళ్ళాక మొదట వాయించే చిన్న బ్యాండ్లు అయ్యేదాకా మూడు గంటలు, ఆ తర్వాత నీ బ్యాండ్ రెండు గంటలు. మొత్తం తొమ్మిది పది గంటలు కాళ్ళ మీదే. డిగ్రీ పిల్లవి, క్లాసులో కూర్చోవడం అలవాటు. ఒక్క రోజులో పది గంటలు నిలబడమంటే కాళ్ళు మాట వినవు.

కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలోనే నిలిచిపోతుంది. దాన్ని పైకి తోసేది పిక్కల కండరాలు. అవి కదిలితేనే తోస్తాయి. మోకాళ్ళు బిగబట్టి కొయ్యలా నిలబడితే తలకి వెళ్ళే రక్తం తగ్గి కళ్ళు తిరుగుతాయి. పెరేడ్‌లో నిలబడ్డ పిల్లలు ఉన్నట్టుండి పడిపోవడం చూసే ఉంటావు, కారణం అదే. కాబట్టి ఈ ఆరు వారాలూ పిక్కలకి పని పెట్టు. గోడకి చెయ్యి ఆనించి మడమలు పైకెత్తి దించడం పదిహేనేసి చొప్పున మూడు సార్లు, పొద్దునా సాయంత్రం. మనలాంటి పొట్టివాళ్ళకి ఇది ఇంకో రకంగా కూడా అక్కరకొస్తుంది. ఆ రాత్రి సగంసేపు మునివేళ్ళ మీదే గడుస్తుంది మరి. చదువుకునేటప్పుడు పుస్తకాన్ని బీరువా మీద పెట్టి నిలబడి చదువు. మొదటి వారం గంటతో మొదలుపెట్టు, ఐదో వారానికి మూడు గంటలు చెయ్యి. ఆదివారం గోపాలపూర్ వెళ్ళి ఒడ్డున తడి ఇసుకలో వట్టి కాళ్ళతో నడు, చీలమండలు గట్టిపడతాయి. ఆ రోజు వేసుకోబోయే బూట్లనే ఇప్పటినుంచి వాడు. కొత్త బూట్లతో మాత్రం వెళ్ళకు. ఎత్తు కోసం ప్లాట్‌ఫామ్ చెప్పులు అసలే వద్దు. గుంపు ఊగినప్పుడు మడమ మడతపడితే అక్కడే కూలబడతావు.

ప్రయాణం గురించి. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఒక పగలూ ఒక రాత్రీ రైల్లోనే గడుస్తాయి. దిగిన రోజే కాన్సర్ట్ పెట్టుకోకు. అంతసేపు కూర్చుని వచ్చిన కాళ్ళు వాచి ఉంటాయి, నిద్ర ఉండదు. ఒక రోజు ముందే చేరి, ఎవరైనా చుట్టాలింట్లోనో మంచి హాస్టల్‌లోనో దిగండి. వేదిక ఎక్కడో, ఏ గేటు నుంచి ఏ టికెట్‌కి ప్రవేశమో ఆ సాయంత్రమే వెళ్ళి కళ్ళారా చూసి రండి. చాలాచోట్ల ఒక్కో రకం టికెట్‌కి ఒక్కో గేటు ఉంటుంది. తప్పు క్యూలో రెండు గంటలు నిలబడి, "మేడమ్, మీది అటువైపు" అనిపించుకున్నవాళ్ళని నా కళ్ళతో చూశాను.

తిండి సంగతి. ముందు రోజు నుంచే నీళ్ళు బాగా తాగు. ఆ రోజు పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పెరుగన్నం, అరటిపండు. మన ఊళ్ళో పొద్దున్నే తినే బరా, ఘుగుని లాంటి నూనె వస్తువులు ఆ ఒక్క రోజు మానెయ్. పల్లీ చిక్కీ రెండు ముక్కలు క్యూలో తిను, లోపలికి తిండి తేనివ్వరు. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్ళలో సరిగ్గా కలుపుకుని పొద్దున్నుంచీ కొంచెం కొంచెంగా తాగు. చిక్కగా ఉంటే ఎక్కువ పని చేస్తుందని సగం నీళ్ళలో కలిపేవాళ్ళున్నారు, అలా చేయకూడదు. బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. సాయంత్రానికి చల్లబడిపోతుంది. మన బరంపురం ఉక్కకి అలవాటుపడ్డ ఒంటికి అక్కడ దాహమే తెలియదు. చెమట మాత్రం పోతూనే ఉంటుంది. అందుకని దాహం వేసేదాకా ఆగకు, గంటకోసారి నాలుగు గుక్కలు తాగు.

మరి బాత్రూమ్? నీళ్ళు మానెయ్యడం దానికి మందు కాదని నా కథ చెప్పింది కదా. గేటు తెరిచే ముందు ఒకసారి వెళ్ళు. క్యూలో ముందూ వెనకా ఉన్నవాళ్ళతో అప్పటికే మాటలు కలిపి ఉంటే నీ చోటు ఎక్కడికీ పోదు. లోపలికి వెళ్ళాక, మొదటి చిన్న బ్యాండ్ ఎక్కే ముందు ఇంకోసారి వెళ్ళు. ఇద్దరున్నారు కాబట్టి ఒకరు నిలబడితే ఒకరు వెళ్ళి రావచ్చు. ఆ తర్వాత జనం చిక్కబడతారు, వెళ్తే తిరిగి రావడం కష్టం. కానీ తప్పనిసరైతే వెళ్ళిపో. ముందు వరుస కోసం రెండు గంటలు బిగబట్టుకుని నిలబడితే ఒక్క పాట కూడా మనసుకెక్కదు. నెలసరి ఆ తేదీలకే వచ్చేలా ఉంటే ఇంతవరకు వాడని కప్పు, టాంపన్ లాంటివి ఆ రోజే మొదటిసారి ప్రయత్నించకు. ఇప్పుడే ఒక నెల వాడి చూసుకో. వాయిదా వేసే మాత్రలు మందుల షాపులో అడిగి వేసుకోవద్దు. డాక్టరమ్మని కలిసి, ఆవిడ సరేనంటేనే వాడు.

ఎన్ని గంటలకి వెళ్ళాలన్నావు. గేటు తెరిచే వేళకి నాలుగైదు గంటల ముందు చేరితే పిట్ టికెట్‌కి మంచి చోటే దొరుకుతుంది. రాత్రంతా గేటు ముందు పడుకునేవాళ్ళూ ఉంటారు. ఆడపిల్లలు ఇద్దరే కొత్త ఊళ్ళో రోడ్డు మీద రాత్రి గడపడం నాకు సమ్మతం కాదు. పైగా రాత్రి నిద్ర లేనివాళ్ళే మర్నాడు సాయంత్రం ముందుగా కూలబడతారు.

జుట్టు జడ వేసుకుని పిన్నులతో ముడి పెట్టు. వదిలేసిన జుట్టు నువ్వు ఎగిరిన ప్రతిసారీ వెనకవాళ్ళ మొహాన కొడుతుంది. చున్నీ వద్దు, చెవులకి రింగులు వద్దు. మెత్తటి కాటన్ టీషర్టు, కదలడానికి వీలైన ప్యాంటు, తాళ్ళు రెండు ముళ్ళు వేసిన బూట్లు. నడుముకి చిన్న పర్సు కట్టుకుని ముందువైపు తిప్పుకో. అందులో ఆధార్, కొంచెం నగదు, ఇద్దరి ఇంటి నంబర్లు రాసిన కాగితం, చెవి ప్లగ్గులు. పవర్ బ్యాంకు, గొడుగు, సీసా లాంటివి గేటు దగ్గర తీసుకుని పక్కన పడేస్తారు. టికెట్‌తో పాటు వచ్చే నియమాల పేజీ చదువుకుని వెళ్ళు.

గేటు తెరిచారు. పరిగెత్తకు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పాలో తెలియడం లేదు. 1979 డిసెంబరు 3న అమెరికాలోని సిన్సినాటిలో 'ద హూ' బ్యాండ్ కాన్సర్ట్‌కి వచ్చినవాళ్ళలో 11 మంది చనిపోయారు. స్టేజి ముందు కాదు, లోపలికి వెళ్ళే తలుపుల దగ్గర. అక్కడ సీట్లకి నంబర్లు లేవు. ముందు వెళ్ళినవాళ్ళకి ముందు చోటు. వేలమంది బయట కాచుకుని ఉంటే కొన్ని తలుపులే తెరిచారు. లోపల ఆట మొదలైపోయిందనుకుని వెనకవాళ్ళు తోశారు. గేటు దగ్గర వెనక నుంచి తోపు మొదలైందంటే నీ క్యూ నంబరు ఎంతైనా సరే, పక్కకి తప్పుకుని పదినిమిషాలు ఆగు. ఆ పది నిమిషాల్లో నువ్వు పోగొట్టుకునేది మహా అయితే నాలుగు వరుసలు.

ఇక లోపల ఎక్కడ నిలబడాలి. అందరూ సరిగ్గా మధ్యలోకి, పాడేవాడి మైకు ఎదురుగా వెళ్ళిపోతారు. నువ్వు వెళ్ళకు. బరువంతా పడేది అక్కడే. ఆ మధ్యలోనే, నాలుగైదు వరుసల వెనక, పాట జోరెక్కగానే జనం గుండ్రంగా ఖాళీ చేసుకుని ఒకరినొకరు గుద్దుకుంటూ గెంతుతారు. మాష్ పిట్ అంటారు. వాళ్ళకి అదో ఆనందం. ఐదడుగుల పిల్లకి మాత్రం మోచేతులు సరిగ్గా మొహం ఎత్తులో తగులుతాయి. నీకు నేను చెప్పే చోటు, స్టేజికి ఎదురుగా నిలబడితే మధ్య నుంచి ఎడమకో కుడికో పది పన్నెండు అడుగులు పక్కకి, బారికేడ్‌ని పట్టుకుని. నీకు ఇష్టమైన గిటారిస్టు ఎటువైపు నిలబడతాడో నీకు తెలిసే ఉంటుంది, అటే వెళ్ళు. బారికేడ్ దొరికితే రెండు లాభాలు. ముందు ఎవరూ ఉండరు కాబట్టి ఎత్తుతో పని లేదు. అవతల సెక్యూరిటీ వాళ్ళు ఉంటారు, నీళ్ళు అందిస్తారు, అవసరమైతే పైకి లాగుతారు. నష్టమూ ఉంది. వెనక నుంచి తోపు వస్తే ఆ ఇనుప కడ్డీకీ జనానికీ మధ్య నలిగేది నువ్వే. ఛాతీని కడ్డీకి ఆనించి నిలబడకు. రెండు చేతులూ కడ్డీ మీద పెట్టి, మోచేతులు కొంచెం వంచి, ఛాతీకీ కడ్డీకీ మధ్య జానెడు ఖాళీ ఎప్పుడూ ఉంచుకో.

మొదటి బారికేడ్ దొరకలేదనుకో. మూడో వరుసలో వీపుల మధ్య ఇరుక్కునే బదులు వెనక్కి చూడు. చాలా వేదికల్లో పిట్‌ చివర ఇంకో బారికేడ్ ఉంటుంది, పిట్‌నీ మామూలు టికెట్ల జనాన్నీ వేరు చేస్తూ. దానికి వీపు ఆనించి నిలబడితే ముందు కొంచెం ఖాళీ దొరుకుతుంది, వెనక నుంచి తోపు ఉండదు. సౌండ్ కూడా అక్కడే స్పష్టంగా వినిపిస్తుంది, ఎందుకంటే సౌండ్ సరిచేసే ఇంజనీరు కూర్చునేది జనం మధ్యలో, వెనకవైపే. నేను ఏడేళ్ళలో వెళ్ళినవాటిలో నా మనసుకి దగ్గరైన రెండు రాత్రులూ అలాంటి చోట నిలబడి చూసినవే. మొదటి వరుస ఒక్కటే ముందు వరుస అనుకోకు.

ఇప్పుడు గుంపు గురించి. ఇది అమ్మకి నెమ్మదిగా చదివి వినిపించు.

మనం 'తొక్కిసలాట' అంటాం. ఆ మాట వింటే పరిగెత్తే జనం, కాళ్ళ కింద పడ్డ మనిషి కళ్ళ ముందు మెదులుతారు. నిజానికి ఇలాంటి చోట్ల ఎక్కువమంది నిలబడే పోతారు. చుట్టూ ఉన్న ఒత్తిడికి ఛాతీ విచ్చుకోదు. లోపలికి గాలి పీల్చుకోలేరు. అరవడానికి కూడా ఊపిరి ఉండదు, అందుకే పక్కవాళ్ళకి తెలియదు. గుమ్మం ముందు మీటరు పొడవు, మీటరు వెడల్పు ముగ్గు వేశావనుకో. అందులో నలుగురు నిలబడితే ఇరుకే, కానీ తిరగొచ్చు, చెయ్యి ఎత్తొచ్చు. ఐదుగురు దాటితే ప్రమాదం దగ్గరపడినట్టు. ఏడుగురైతే ఎవరి కాళ్ళు వాళ్ళ చేతిలో ఉండవు. ఎక్కడో ఒకరు తూలితే ఆ తూలు అలలా వందమందిని మోసుకుపోతుంది. మనవాళ్ళు 'ఇసకేస్తే రాలనంత జనం' అని మురిసిపోతూ చెబుతారు చూడు, సరిగ్గా అదే ప్రాణం తీసేది.

కాబట్టి ఒక పరీక్ష పెట్టుకో. ప్రతి రెండు పాటలకీ కుడిచేత్తో ముక్కు ముట్టుకో. చెయ్యి సులువుగా పైకి వచ్చిందా, సరే. పక్కవాళ్ళని నెట్టి తీయాల్సి వచ్చిందా, ముందు వెనక ఎడమ కుడి నాలుగు వైపులా ఒళ్ళు తగులుతోందా, బయలుదేరాల్సిన వేళ అయినట్టే. ఊపిరి బరువయ్యేదాకా ఆగకు, అప్పటికి ఆలస్యమైపోతుంది.

బయలుదేరడం ఎలాగో మా అమ్మమ్మ నేర్పింది. ఠాకురాణీ జాతరలో ఘటం వచ్చే రాత్రి మన వీధులు ఎలా ఉంటాయో నీకు చెప్పక్కర్లేదు. రెండేళ్ళకోసారి కదా, ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. నాకప్పుడు పదేళ్ళు. అమ్మమ్మ నన్ను తన ముందు నిలబెట్టి, నా రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు పెట్టి, "ఏటికి ఎదురీదకు, అడ్డంగా ఈదు" అంది. జనం ముందుకి నెడితే వెనక్కి నెట్టలేదు. అల వెనక్కి తగ్గిన క్షణంలో ఏటవాలుగా ఒక అడుగు పక్కకి, మళ్ళీ అల వస్తే ఆగి, తగ్గగానే ఇంకో అడుగు. అలా నన్ను ఒక అరుగు మీదకి చేర్చింది. గుంపు గురించి చదువుకున్నవాళ్ళు చెప్పేదీ ఇదే. బాక్సర్‌లా చేతులు ఛాతీ ముందు, ఒక కాలు ముందు ఒక కాలు వెనక, ఐమూలగా అంచుకి. ఫోను కింద పడితే వంగి తీయకు, అది పోతే పోనీ. పడిపోతే ఎడమ పక్కకి ఒత్తిగిలి, మోకాళ్ళు ముడుచుకుని, తల చేతులతో కప్పుకుని, సందు దొరకగానే లే. నీ పక్కన ఎవరైనా పడితే ముందు వాళ్ళని లేపు, చుట్టూ ఉన్నవాళ్ళని చేతులు చాచి ఆపమను.

బారికేడ్ దగ్గరే ఉంటే ఇంకా సులువు. సెక్యూరిటీ కళ్ళలోకి చూసి, రెండు చేతులూ పైకెత్తి ఊపు. వాళ్ళు లాగేస్తారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 2000 జూన్ 30న డెన్మార్క్‌లోని రాస్కిల్డె సంగీత ఉత్సవంలో పెర్ల్ జామ్ బ్యాండ్ పాడుతుండగా స్టేజి ముందు 9 మంది ఊపిరాడక పోయారు. మన దేశంలో 2011 అక్టోబరులో మెటాలికా గుర్గావ్ కాన్సర్ట్ బారికేడ్ ఇబ్బందితో మొదలవకుండానే ఆగిపోయింది. రెండు రోజుల తర్వాత అదే బ్యాండ్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించింది. ఒక చోట రద్దయిన రాత్రి బాధేస్తుంది, కానీ ఇంకో రాత్రి ఉంటుంది. స్టేజి మీద నుంచి "వెనక్కి జరగండి" అంటే అరుపులు మాని జరుగు, చుట్టుపక్కలవాళ్ళకీ చెప్పు.

నీ చెల్లితో ముందే ఒప్పందం చేసుకో. ఇద్దరిలో ఎవరు "వెళ్దాం" అన్నా రెండోవాళ్ళు ఎందుకని అడక్కుండా కదలాలి. చెయ్యి పట్టుకుని గుంపులో లాక్కెళ్ళడం కుదరదు, విడిపోతారు. అందుకని కలుసుకునే చోటు ఒకటి వెలుగులో ఉన్నప్పుడే ఖాయం చేసుకోండి. ఫస్ట్ ఎయిడ్ టెంట్ అన్నిటికంటే మంచిది, అక్కడ దీపం ఉంటుంది, మనుషులుంటారు.

చెవుల గురించి చాలామంది నవ్వి కొట్టిపారేస్తారు, నువ్వు అలా చేయకు. అమెరికాలో పనిచోట ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతని ఎనిమిది గంటలు భరించొచ్చు. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగం అవుతుంది. అలా చూస్తే 100 డెసిబెల్స్‌కి పదిహేను నిమిషాలే. రాక్ కాన్సర్ట్ ముందు వరుసలో ఆ మోత మామూలే, అదీ రెండు గంటలు. మందుల షాపులో దొరికే స్పాంజి ప్లగ్గులు చాలు. వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవి పైభాగాన్ని పైకి లాగి, లోపలికి దూర్చి అర నిమిషం వేలితో అదిమి ఉంచు, అది లోపల ఉబ్బి పట్టుకుంటుంది. ఇంట్లో ముందే నాలుగుసార్లు చేసి చూసుకో. పాట కొంచెం మెత్తబడుతుందే తప్ప పోదు. మర్నాడు చెవిలో గుయ్యిమని మోత రెండు రోజులైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుని చూడాలి.

అమ్మ సంగతికి మళ్ళీ వస్తున్నాను. వేలమంది ఒకేచోట ఉన్నప్పుడు నెట్‌వర్క్ పనిచేయదు. ఆవిడ ఫోన్ చేస్తే కలవదు, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ముందే చెప్పు: "ఆరింటి నుంచి పదిన్నర దాకా ఫోన్ కలవకపోవచ్చు, అమ్మా. నేనే చేస్తాను." గేటు దాటగానే ఒక మెసేజ్ పంపు. రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లకి మామూలుగా అనుమతి ఉండదు, కాబట్టి కాన్సర్ట్ ఆ వేళకి ముగుస్తుంది. ముగియగానే అందరితో పాటు గేటుకి ఎగబడకండి. ఇరవై నిమిషాలు అక్కడే కూర్చుని, మిగిలిన నీళ్ళు తాగి, జనం పల్చబడ్డాక బయటికి నడవండి. సిగ్నల్ రాగానే మొదటి ఫోన్ అమ్మకి. స్నేహితులకి వీడియోలు తర్వాత పంపుకోవచ్చు. అన్నట్టు, వీడియో ఒకటి రెండు పాటలకి చాలు. ఫోను పైకెత్తి ఉంచితే నీ చేతులు ఛాతీ ముందు ఉండవు, పైగా వెనక నీలాగే పొట్టి పిల్ల ఇంకొకతె నిలబడి ఉంటుంది.

తిరుగు ప్రయాణం మర్నాడు కాకుండా, వీలైతే ఆ మర్నాటికి పెట్టుకో. కాళ్ళు గోడకి ఎత్తి పెట్టుకుని ఒక పూటంతా పడుకో, గొంతుకి వేడినీళ్ళు పట్టు. టికెట్లు ఇప్పుడే బుక్ చెయ్యి, ఇద్దరికీ పై బెర్తులు అడుగు. కింద బెర్త్ అయితే పగలంతా పక్కవాళ్ళతో కలిసి కూర్చోవాలి, పై బెర్త్‌లో వైజాగ్ దాటేదాకా నిద్రపోవచ్చు.